చిన్న నెలలో ముప్ఫయ్యో రోజు

రేవు బజారులో బోంగ్యో నోటికి జడవని వాళ్ళు లేరు. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, నడుము వంగింది, కుడి కంట్లో శుక్లం పడింది, నోరు మాత్రం నిన్న సాన పెట్టినట్టే ఉంది. పండగలకి కావలసిన పిండివంటలు చేసి అమ్మడం ఆమె వృత్తి. పుట్టినరోజులకీ దేవుడి ఉత్సవాలకీ తాబేలు అచ్చు వేసిన ఎర్ర బియ్యప్పిండి బిళ్ళలు, సమాధులు శుభ్రం చేసే రోజుకి ఆకు పసరు కలిపిన పచ్చవి, ఐదో నెల ఐదో రోజుకి వెదురాకుల్లో కట్టిన అన్నం పొట్లాలు, చలికాలంలో పొద్దు తిరిగే రోజుకి ఎరుపూ తెలుపూ ఉండలు. ఎవరైనా బేరమాడితే, మీ తాతకి పెట్టే తద్దినం ఇంత చవకా అని బజారంతా వినేలా అడుగుతుంది. అయినా జనం ఆమె దగ్గరే కొంటారు. ఆమె చేతి వంట బాగుంటుంది, పైగా ఆమె తలకాయ నిండా పంచాంగమే.

ముప్ఫై రోజులుంటే పెద్ద నెల, ఇరవై తొమ్మిదే అయితే చిన్న నెల. ఏ ఏడు ఏ నెల ఎలా వస్తుందో, అధిక మాసం ఎప్పుడు పడుతుందో, ఏ రోజు అమావాస్యో బోంగ్యోకి నోటికి వచ్చు. తైవాన్‌లో గోడ క్యాలెండర్ లేని ఇల్లు లేదు, ఇప్పుడు ఫోన్లు కూడా చెబుతాయి. అయినా మన బజారు వాళ్ళకి బోంగ్యో చెబితేనే నమ్మకం. పక్కన చేప ఉండలు అమ్మే ఆగ్వే, మామగారి తద్దినం ఏ వారం పడిందే అని అడుగుతుంది. బుధవారం, పోయినేడు ఎగ్గొట్టావుగా, ఈసారి ఆయన రెండింతలు తింటాడు అని తల ఎత్తకుండానే జవాబొస్తుంది.

ఈ విద్య ఆమెకు ఏ గురువూ నేర్పలేదు. ఒక అబద్ధం నేర్పింది.

బోంగ్యో ముగ్గురు ఆడపిల్లల్లో నడిమిది. ఆ పేరుకి 'ఏదో, పెంచుదాంలే' అని అర్థం. రెండోసారీ ఆడపిల్లే పుడితే మన వైపు అలాంటి పేర్లు పెట్టి ఊరుకునేవాళ్ళు. ఆ పెంచడం కూడా ఆరేళ్ళకే ఆగిపోయింది. ఆ రోజుల్లో లేని ఇళ్ళవాళ్ళు ఆడపిల్లని మగపిల్లాడున్న ఇంటికి ఇచ్చేసేవాళ్ళు. అక్కడే పెరిగి, చాకిరీ చేసి, ఈడు వచ్చాక ఆ ఇంటి కోడలవుతుంది. పదకొండో నెలలో ఒక పొద్దున తల్లి లిమ్ ఛాయ్ ఆమెను చెయ్యి పట్టుకుని మూడు సందుల అవతలి ఇంటికి నడిపించుకెళ్ళింది. గుమ్మం దగ్గర పిల్ల చెయ్యి వదల్లేదు. తల్లి వంగి, పన్నెండో నెల ముప్ఫయ్యో రోజున వస్తానని చెప్పింది. ఏడాది చివరి భోజనం మనింట్లోనే చేద్దువుగాని, అప్పటిదాకా ఏడవకు అంది. పిల్ల చెయ్యి వదిలేసింది.

పన్నెండో నెల మొదలైనప్పటి నుంచి తలుపు వెనక బొగ్గుతో గీతలు గీస్తూ రోజులు లెక్కపెట్టుకుంది. ఇరవై తొమ్మిదో గీత గీసిన రోజు సాయంత్రం ఆ ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. చేప, కోడి, అన్నం. మా అమ్మ రేపు వస్తుంది, మా ఇంట్లో తింటాను అని పిల్ల దూరంగా నిలబడింది. పెంచుకున్న అత్త మొగుడి వంక చూసింది. ఇద్దరూ పొలమారేలా నవ్వారు. రేపు కొత్త సంవత్సరమే పిచ్చి మొహమా, ఈ ఏడు పన్నెండో నెల చిన్న నెల, ముప్ఫయ్యో రోజే లేదు అని చెప్పారు. పిల్ల నమ్మలేదు. మర్నాడు ఊరంతా టపాకాయలు పేలుతుంటే గుమ్మంలో కూర్చుని సందు చివరికి చూస్తూ ఉండిపోయింది. ఎవరూ రాలేదు.

ఆ తర్వాత గుడి దగ్గర పంచాంగం చదివే ముసలాయన కాళ్ళావేళ్ళా పడి పెద్ద నెలలూ చిన్న నెలలూ నేర్చుకుంది. మళ్ళీ ఎవరూ తనకి లేని రోజు చెప్పి పంపకూడదు, అంతే ఆమె పట్టుదల. ఆ ఇంటి అబ్బాయినే చేసుకుంది. మనిషి మంచివాడు, మాట తక్కువ, పదిహేనేళ్ళ కిందట పోయాడు. అత్త మాత్రం చచ్చేదాకా ప్రతి ఏడాది చివరి భోజనంలోనూ ఆ ముప్ఫయ్యో రోజు కథ వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించింది.

పుట్టింటికీ బోంగ్యో ఇంటికీ మధ్య మూడు సందులు. అరవై ఏడేళ్ళలో తల్లీ కూతుళ్ళ మధ్య ఒక్క మాట నడవలేదు. లిమ్ ఛాయ్ బజారుకొస్తే చేప ఉండల కొట్టు దాకా వచ్చి వెనక వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళేది. గుడిలో ఎదురుపడితే ఒకళ్ళు అగరొత్తుల పొగ చూస్తే ఇంకొకళ్ళు పైకప్పు చూసేవాళ్ళు. కొత్త సంవత్సరం రెండో రోజున పెళ్ళయిన ఆడపిల్లలందరూ మొగుళ్ళనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని పుట్టింటికి వెళతారు. బజారులో ఆ రోజు తెరిచి ఉండే కొట్టు బోంగ్యోది ఒక్కటే. అక్కా చెల్లెలూ పళ్ళ బుట్టలు పట్టుకుని ఎదురుగానే అమ్మ ఇంటికి పోతుంటే, కొనేవాడు ఒక్కడూ లేకపోయినా ఆమె ఇంకా గట్టిగా అరిచి సరుకు అమ్ముతుంది. దీన్ని మెత్తటి మాటల్లో చెప్పాలని నాకు లేదు. ఆమెకి తల్లంటే ద్వేషం. అది ఆమె పొద్దున లేస్తూనే పొయ్యితో పాటు రాజేసుకునే ద్వేషం.

ఈ ఏడు ఆరో నెల రెండుసార్లు వచ్చింది. అధిక మాసం పెద్దవాళ్ళ ఆయుష్షుకి గండమని మనవాళ్ళ నమ్మకం. అందుకని పెళ్ళయిన కూతుళ్ళందరూ, ఒక్కొక్కరూ విడివిడిగా, పందికాళ్ళు వేసి వండిన సన్న సేమ్యా పుట్టింటికి తీసుకెళ్ళి తల్లిదండ్రుల చేత తినిపించాలి. సేమ్యా పోగు తెగకూడదు, అధిక మాసం దాటకూడదు. లిమ్ ఛాయ్‌కి పెద్ద కూతురి గిన్నె వచ్చింది, చిన్న కూతురి గిన్నె వచ్చింది. ఆ మర్నాడే ఆమె స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తొంభై ఐదేళ్ళ ఒళ్ళు. తిండి సయించడం మానేసింది. కొడుకు గుడికి పోయి దేవుడి జోస్యం చీటీ తీయిస్తే, చీటీ చదివే ఆయన ఒక్కటే అడిగాడట, కూతుళ్ళెందరు, గిన్నెలెన్ని అని.

అలా ఆ అధిక మాసం ఇరవయ్యో రోజు పొద్దున బున్‌హాంగ్ బోంగ్యో కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆమెని ఇచ్చేసినప్పుడు తల్లి కడుపులో ఉన్నవాడు వీడే. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు, జుట్టుకి రంగు, చేతిలో పెద్ద ఫోను.

"అక్కా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఆ మాటతో పిలవడం అదే మొదలు.

"ఎర్రవా, పచ్చవా?" అంది బోంగ్యో.

"కొనడానికి రాలేదక్కా."

"కొననివాళ్ళు ఎండలో నిలబడాలి. ఈ నీడ కొనేవాళ్ళకి."

వాడు నిజంగానే రెండడుగులు వెనక్కి వేసి ఎండలో నిలబడ్డాడు. అమ్మ పడిపోయిన సంగతీ, చీటీ సంగతీ, గిన్నె తక్కువైందన్న సంగతీ నీళ్ళు నములుతూ చెప్పుకొచ్చాడు. ముగ్గురు కూతుళ్ళున్న తల్లికి రెండే గిన్నెలొస్తే గండం ఎలా గడుస్తుందని అడిగాడు. మూడో కూతురెవరు అని బోంగ్యో అమాయకంగా అడిగింది. నువ్వే అన్నాడు. వినబడలేదంది. చుట్టూ నలుగురు మూగారు. నువ్వే అక్కా అని అరిచినట్టు చెప్పించి గాని వదల్లేదు.

"నన్ను మీ అమ్మ ఇచ్చేశాక వచ్చిన అధిక మాసాల్లో ఇది ఇరవై ఐదోది" అంది. "ఇరవై నాలుగింటికి గుర్తు రానిదాన్ని ఇప్పుడు గుర్తొచ్చానా? అందితే జుట్టు, అందకపోతే కాళ్ళూనా?"

వాడు తల దించుకున్నాడు. ఆమె పిండి ముద్ద తిప్పి పిసికింది. తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం చూస్తే ఆగ్వేకి భయం వేసిందట.

"సరేలే. ముప్ఫయ్యో రోజున తెస్తాను. నెలాఖరు, మంచి రోజు. ముసలిదాన్ని ఆ రోజుకి కాచుకుని ఉండమను."

బున్‌హాంగ్ నడుం వంచి వంచి దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయాడు. ఆగ్వే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది, మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టుకుంది.

"ఏమే, ఈ నెల ఇరవై తొమ్మిదే కదే."

"అవును."

"మర్నాడు ఏడో నెల ఒకటి. దయ్యాల తలుపు తెరిచే రోజు."

"అవును. ఆ రోజు వీధిలో కూడు ఎవరికి పెడతారో, ఈమెకీ అలాగే పెడతాను. దిక్కూ మొక్కూ లేని ప్రేతాలకి."

ఆగ్వే చెంపలు వాయించుకుంది. తొంభై ఐదేళ్ళ మనిషి, పాపం తగుల్తుందే అంది. ఆరేళ్ళ పిల్లకి చెప్పినప్పుడు తగలని పాపం నాకెందుకు తగుల్తుందని బోంగ్యో అడిగింది. ఈ మాట వాళ్ళింటికి చేరిందంటే నీ చేప ఉండల్లో చేపెంతో పిండెంతో బజారులో బల్లెక్కి చెబుతానని కూడా అంది. ఆగ్వే నోరు కుట్టేసుకుంది.

ఆ తర్వాత వారం రోజులు బోంగ్యో హుషారు చూడాలి. పిల్లలకి విరిగిన బిళ్ళలు ఊరికే ఇచ్చింది. బేరమాడిన వాళ్ళ తాతల జోలికి పోలేదు. ఆమె కోరిక ఒక్కటే. మంచం మీద ఆ ముసలిది ముప్ఫయ్యో రోజు కోసం ఎదురుచూడాలి. పొద్దున లేచేసరికి వీధుల్లో ప్రేతాలకి పెట్టిన పళ్ళేలు కనబడాలి, అప్పుడు తెలియాలి, ఆ రోజు లేదని. తెలిసిన తర్వాత చావాలి. ముందు చావకూడదు. అందుకని రోజూ ఆ సందులోంచి వచ్చే కూరగాయలామెని, ముసలిది ఎలా ఉంది అని అడిగి మరీ కనుక్కునేది. బతికే ఉందంటే హమ్మయ్య అనుకునేది. ఇరవై ఏడో రోజుకి ఆ హుషారు కాస్త తగ్గింది. నలుగురికి ఇచ్చిన సరుకు తారుమారైంది. మాంసం కొట్టు ముందు నుంచి పోతున్నప్పుడు అటు చూడకుండా మొహం తిప్పుకుంది. ఎందుకు తిప్పుకోవాలో తనకే తెలియక, కొట్టువాణ్ణి ఊరికే తిట్టి వచ్చింది.

ఇరవై తొమ్మిదో రోజు శుక్రవారం. మర్నాడు ఏడో నెల కాబట్టి బజారు కిటకిటలాడుతోంది, అగరొత్తులూ కాగితపు నోట్లూ పిండివంటలూ కొనేవాళ్ళతో కాలు పెట్టే సందు లేదు. తొమ్మిది గంటలవేళ ఆ జనం రెండుగా చీలింది. చక్రాల కుర్చీ ఒకటి వచ్చింది. తోస్తున్నది బున్‌హాంగ్. అందులో దిండ్ల మధ్య లిమ్ ఛాయ్, ఎముకల మూట. కొడుకు చేప ఉండల కొట్టు దగ్గర వెనక వైపుకి తిప్పబోతే కర్రతో నేల మీద కొట్టి తిన్నగా పోనిమ్మంది. కుర్చీ బోంగ్యో బల్లకి తగిలి ఆగింది.

"ముప్ఫయ్యో రోజు లేదు" అంది లిమ్ ఛాయ్.

బున్‌హాంగ్ ఫోను తీసి తడుముకున్నాడు. కాసేపటికి వాడి మొహం పాలిపోయింది. బోంగ్యో చేతిలోని అచ్చు బల్ల మీద పెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"వీడు ఇంటికొచ్చి చెప్పినప్పుడే. పడవల మీద బతికినదాన్ని, చంద్రుణ్ణి చూడకుండా ఎవరైనా వల వేస్తారా? తొమ్మిది రోజులు ఊరుకున్నా, ముందే వస్తావేమో చూద్దామని."

"రాను."

"తెలుసు. అందుకే నేనొచ్చా."

కొనడానికొచ్చినవాళ్ళు కొనడం మానేశారు. బోంగ్యో అరవై ఏడేళ్ళుగా మనసులో ఈ మాటలు ఎన్ని విధాలుగానో అనుకుని పెట్టుకుంది, ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఇదొక్కటే.

"ఆ రోజు గుమ్మంలో నాకేం చెప్పావో చెప్పు. ఇక్కడే, అందరూ వినేలా."

"ముప్ఫయ్యో రోజున వస్తానన్నా. ఆ ఏడు ముప్ఫయ్యో రోజు లేదని తెలిసే అన్నా." ముసలామె గొంతు సన్నగా ఉంది, వణకలేదు. "రానంటే నువ్వు నా చెయ్యి వదిలేదానివి కాదు. మీ నాన్న పడవ తిరిగి రాలేదు. కడుపులో వీడు. ఇంట్లో గింజ లేదు. నువ్వు వదిలితే గాని నేను వెనక్కి నడవలేను. అందుకని అబద్ధమాడా. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చెప్తా. నీ క్షమాపణ కోసం రాలేదు నేను."

"మరి ఆ సాయంత్రం ఏం చేశావు? ఇరవై తొమ్మిదో రోజు. నేను తినకుండా నిలబడ్డప్పుడు."

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"అన్నం. నిన్నిచ్చినందుకు మీ అత్తవాళ్ళు ఏడాది చివరికి పంపిన బియ్యం. మీ అక్కా చెల్లీ తిన్నారు. నీ వాటా నేను తిన్నా. ఏడుస్తూ తిన్నానంటే నీ ప్రాణానికి హాయిగా ఉంటుందేమో. ఏడవలేదు. నాలుగు రోజుల ఆకలి. రుచిగా ఉంది."

ఆగ్వే పళ్ళేల వెనక నుంచి కళ్ళు తుడుచుకుంది గాని, బోంగ్యో కంట్లో చెమ్మ లేదు. ఆ సాయంత్రం తల్లి కుమిలి కుమిలి ఏడ్చి ఉంటుందని కొన్నేళ్ళు అనుకుంది. పీడ వదిలిందని నవ్వుకుంటూ ఉండి ఉంటుందని కొన్నేళ్ళు అనుకుంది. రెంటినీ అసహ్యించుకుంది. ఆకలేసి తిని ఉంటుందని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. కోపం తగ్గలేదు, తగ్గిందని నేను చెప్పను. కానీ అరవై ఏడేళ్ళలో ఆ ఇంటినుంచి వచ్చిన మొదటి నిజం అది. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

బల్ల మీద బట్ట కప్పేసింది. ఎదురుగా నిలబడ్డ గిరాకీని, ఇవాళ అమ్మను, మీ దయ్యాలని ఇంకోచోట మేపుకోండని తరిమేసింది. నేరుగా మాంసం కొట్టుకి పోయి రెండు ముందుకాళ్ళు కొట్టించింది, పెద్దవి. ఆవిరి గిన్నెలు దించి పొయ్యి మీద కుండ పెట్టింది. అల్లం, సోయా సాస్, కాస్త బెల్లం, బియ్యపు సారా. కాళ్ళు ఉడకడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ బజారు చుట్టూ మామూలుగా సాగిపోయింది, సందు చివర ఎవరో అగరొత్తుల కట్టల కోసం పోట్లాడుకున్నారు. ముసలామె రెండుసార్లు నిద్రపోయి లేచింది. లేచినప్పుడల్లా కుండ వైపు చూసింది. బోంగ్యో సేమ్యా పోగు తెగకుండా నీళ్ళలో వదిలి, ఆ చిక్కటి పులుసులో వేసి, కుండ దించి బల్ల మీద పెట్టింది.

ఇది కూతురు పుట్టింటివాళ్ళకి పెట్టేది. మొదటి ముద్ద పెద్దవాళ్ళదే. కూతురు తినదు, వడ్డించి పక్కన నిలబడుతుంది. ఆ సంగతి అక్కడున్న చంటిపిల్లలకి కూడా తెలుసు. బోంగ్యో ఒకే ఒక గిన్నె తీసింది. మాంసం ఎక్కువున్న ముక్కలు ఏరి అందులో వేసుకుంది, దాని మీద సేమ్యా, దాని మీద పులుసు. స్టూలు లాక్కుని తల్లికి ఎదురుగా కూర్చుంది. తినడం మొదలుపెట్టింది.

బున్‌హాంగ్ కంగారుపడ్డాడు.

"అక్కా, ముందు అమ్మ తినాలి. లేకపోతే గండం తీరదట."

లిమ్ ఛాయ్ కర్ర ఎత్తి వాడి చేతి మీద ఒక్కటిచ్చింది.

"నోర్ముయ్. దాని వాటా అది తింటోంది."

బోంగ్యో తల ఎత్తలేదు. ఎముక నోట్లో పెట్టుకుని గుజ్జు పీల్చింది, పులుసు తాగింది, గిన్నె మళ్ళీ నింపుకుంది. ముసలామె చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూతురు తినడం అయ్యేదాకా ఆగింది.